మిణుగురు దీపానికి కాపలా

దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ళ గూళ్ళు సొరకాయల్లా వేలాడుతుండేవి. అన్నింటిలోకీ అందమైనది పోచయ్యది. కింద పొడుగ్గా దారి గొట్టం, లోపల బంకమట్టి ముద్దకు అతికించిన మిణుగురు దీపం, దీపం పక్కన భార్య గింజమ్మ, ఆమె పొట్ట కింద వెచ్చగా మూడు గుడ్లు.

ఆ గుడ్ల మీద ఒక కాకికి ఎప్పటినుంచో కన్ను. గొట్టమేమో ఇరుకు, తల పట్టదు.

"అల్లుడూ, నువ్వు నిద్రపోయాక మీ దీపం ఏం చేస్తుందో ఎప్పుడైనా చూశావా?" అంది ఒకనాడు గొంతులో తేనె కలుపుకుని.

పోచయ్య ముక్కున ఉన్న గడ్డిపోచ జారిపోయింది. "ఏం చేస్తుంది మావా?"

"రంగులు మారుతుందట! రెప్ప వేస్తే మాత్రం కనపడదు."

ఏదైనా తెలియకపోతే పోచయ్యకు గింజ మింగుడుపడదు. ఆ రాత్రి కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. దీపం ఎప్పట్లాగే మినుకుమంది. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే.

దీపం మారలేదుగానీ పోచయ్య మారాడు. ఊగే జొన్నకంకిని చూసినా ఏడుపొచ్చేది. గింజమ్మ పక్కగూటి పిట్టతో నవ్వితే, "నన్ను చూసేగా ఇకిలిస్తున్నావు?" అని మీదికి పోయేవాడు.

"నీ మొహం! వాళ్ళ పిల్ల మొదటిసారి ఎగిరి ఎద్దు వీపు మీద పడిందయ్యా, అందుకు నవ్వాం."

నమ్మితేగా!

నాలుగోనాటి పొద్దున గింజమ్మ మేతకు పోయింది. పోచయ్య గూటికేసి చూశాడు. గూటిని పట్టుకుని పాము వేలాడుతోంది! "నా గుడ్లు!" అంటూ దూకి ముక్కుతో చీల్చసాగాడు.

"అట్లా చీల్చు అల్లుడూ! ఇంకా పైకి!" బావి ఒడ్డున కాకి ఎగిరెగిరి పడింది.

చెట్టుకింద నెమరేస్తున్న ముసలెద్దు తలెత్తింది. "ఒరేయ్ పోచయ్యా, పాముకు గడ్డివాసన ఎందుకొస్తుందిరా?"

పోచయ్య ఆగాడు. ముక్కునిండా తను అల్లిన గొట్టం పోచలే.

"తాతా, నాకు పిచ్చి పట్టిందా?"

"నిద్రపోయి ఎన్నాళ్ళైందిరా?"

"మూడు రాత్రులు."

"చూడూ, మేసినదాన్ని నేను తీరిగ్గా నెమరేస్తాను. లేకపోతే కడుపుబ్బి చస్తాను. మనసూ అంతే. పగలు మింగినదాన్ని నిద్రలో నెమరేసుకుంటుంది. నువ్వు దానికి ఆ కాస్త తీరికా ఇవ్వలేదు. పో, పడుకో. గింజమ్మ వచ్చేదాకా కాకి సంగతి నా కొమ్ములు చూసుకుంటాయి."

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు. ఎద్దు వీపు మీదే ఒరిగిన పోచయ్య మళ్ళీ సాయంత్రానికి లేచాడు. జొన్నకంకి జొన్నకంకిలానే ఉంది. గింజమ్మ నవ్వు ముద్దుగా ఉంది. కాకి అడిగిన ప్రశ్న వెనక ఏముందో నీళ్ళడుగున గులకరాయిలా తేటగా కనిపించింది.

చిరిగిన గొట్టం బాగుచేశాడు. పక్కనే తను సగంలో వదిలేసిన పాత గూటికి లోపల ఉచ్చుముడి అల్లాడు.

"మావా! గొట్టం పీకేశాను. దీపం రంగు మారుతోంది, ఈ గూట్లోకి తొంగి చూడు!"

తొందరలో ఏది ఎవరి గూడో కూడా చూసుకోకుండా కాకి తల దూర్చింది. ముడి బిగిసింది. గూడు ఊడి కుళ్ళాయిలా నెత్తికి దిగింది. గుడ్డిగా ఎగురుతూ, బావి గోడలన్నీ గుద్దుకుంటూ పోయింది కాకి.

"ఏం బాబాయ్, రంగులు కనిపిస్తున్నాయా?" అని కేకేసింది గింజమ్మ.

ఆ రాత్రి పోచయ్య దీపానికి వీపు తిప్పి పడుకున్నాడు.

నిద్ర చాలని కంటికి సొంత గూడు కూడా పామే.