పొడుగు కాడ

"ఓబులేసూ! బోరు లారీ వచ్చేసిందబ్బా! యాడ దింపాలో వచ్చి చూపీ!"

వీధి చివరి నుంచి ఆ కేక వినబడగానే, దర్గా అరుగు మీద ఊరందరికీ పెట్టే రాగి సంకటి కోసం వరుసలో కూర్చున్న ఓబులేసు దిగ్గున లేచాడు. లేవడా మరి! చీనీ బత్తాయి చెట్లు ఆకులు ముడుచుకుని చావుకు సిద్ధంగా ఉన్నాయి. ఉన్న బోరుకు మోటారు వేస్తే గాలి తప్ప చుక్క రావడం లేదు.

పక్కనే కూర్చున్న గంగులప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరివీ ఆనుకున్న చేలు.

"వద్దురా. నువ్వు అంత లోతు దింపితే నా బావి ఎండిపోతుంది. నా పిల్లోళ్లు తాగేదీ ఆ నీళ్లే."

"నా చేను, నా బోరు. పాతాళం దాకా పోతా, నీకేమి?"

"పో పో. ఆడ చచ్చిపోయిన మీ మామ కనబడితే అడిగినానని చెప్పు!"

వరుసంతా నవ్వింది. ఓబులేసుకు ఒళ్లు మండిపోయింది. ఏ పనికైనా దర్గా చూసుకునే మస్తాన్ తాత మాట తీసుకునే శిష్యుడతను. గబగబా గురువు ముందుకు వెళ్లాడు.

"నువ్వే చెప్పు తాతా. నా నేలలో నేను దింపుకుంటే తప్పా?"

"తప్పని నేనన్నానా నాయనా? ఎండన పడి పోతున్నావు, మజ్జిగ తాగి పో. గంగులప్పా, నువ్వూ రా."

తాత మజ్జిగ కూజా ముందు పెట్టి, బొప్పాయి ఆకు కాడలు రెండు తుంచి తెచ్చాడు. గంగులప్పకు జానెడుది, ఓబులేసుకు మూరెడుది. ఇద్దరూ ఆ బోలు కాడలు కూజాలోకి దింపి, తలలు ఆనించి పీల్చారు. కాసేపటికే గంగులప్ప కాడలో ఉత్త గాలి. ఓబులేసు కళ్లెగరేసి ఇంకా పీల్చాడు. బయట లారీ హారన్ కొడుతూనే ఉంది. గుటక, గుటక... అతని కాడ కూడా గురగుర మంది.

తలెత్తి చూశాడు. వరుసలో ఎవరూ నవ్వడం లేదు.

"అయ్యో నాయనా," అంది వడ్డించే కాశింబీ. "కరువు రోజుల్లో అందరి సంకటికీ దొరికింది ఆ మజ్జిగే!"

ఓబులేసు మొహం కందిపోయింది. "నాకు తెలీదు తాతా. లోపల ఎంతుందో కనబడలేదు."

తాత కూజాను కాస్త వంచి లోపలికి చూశాడు.

"ఇంకా పొడుగు కాడ తెచ్చియ్యమంటావా?"

హారన్ మళ్లీ మోగింది. ఓబులేసు చరచరా బయటికి నడిచాడు. డ్రైవర్‌తో ఏం మాట్లాడాడో ఎవరికీ వినబడలేదు. లారీ వెనక్కి తిరిగిన చప్పుడు మాత్రం వినబడింది.

వచ్చి గంగులప్ప ముందు నిలబడ్డాడు.

"సగం చెట్లు కొట్టేస్తా, అన్నా. మిగతా సగానికి నీ బావిలో వంతు ఇస్తావా?"

గంగులప్ప కాస్త పక్కకు జరిగాడు.

"కూర్చో. పిల్లోళ్లకు పోను ఎంత మిగులుతుందో రేపు ఇద్దరం దిగి చూద్దాం."

కాశింబీ ఉత్త సంకటే వడ్డించింది. అంతవరకూ నిలబడి ఉన్న తాత కూడా వచ్చి, వరుస చివర కూర్చుని ముద్ద కలిపాడు.