జడ కోలాటంలో తప్పిన అడుగు

సూరీడమ్మ టీచరు దగ్గర కథ రాయడం నేర్చుకునే ఢిల్లేశ్వరరావు ఒక సాయంత్రం మొహం ఎర్రగా చేసుకుని వచ్చాడు.

"టీచరుగారూ, నా కథలో రంగమ్మ సమ్మెలో చేరాలి. మొదటి నుంచి చివరిదాకా ప్లాను గీసుకున్నాను. తీరా సగంలో ఆమె మిల్లు గేటు దాటి పనిలోకి పోయింది. ఇప్పుడు ప్లాను చించాలా, కథ చించాలా?"

కథ ఆయుధమని, ఆయుధానికి ముందే నమూనా ఉండాలని అతని నమ్మకం. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. నమూనా లేకుండా గాలిలో కత్తి తిప్పి, దానికి ప్రేరణ అని పేరు పెట్టుకునే రచయితలను మన పత్రికలు మోసింది చాలు.

ఊళ్ళో కోలాటం జట్టుకు కూడా టీచరే గురువు. "చించే పని రేపటికి ఆపు. జట్టులో గౌరికి జ్వరం. రేపు అమ్మవారి పండగలో దాని తాడు నువ్వు పట్టుకో. అడుగులు నీకొచ్చు కదా," అంది.

అది జడ కోలాటం. పందిరి నుంచి వేలాడే రంగు తాళ్ళను తలా ఒకటి పట్టుకుని, ఒకరి తాడు కింద దూరుతూ, ఇంకొకరి తాడు మీదుగా దాటుతూ ఆడితే అవన్నీ జడగా అల్లుకుంటాయి. తర్వాత వెనక్కి ఆడి ఆ జడను విప్పాలి. చిక్కుపడితే కత్తితో కోసి దించుతారు. అలా కోయించుకున్న జట్టును మరుసటి ఏడు పందిట్లోకి రానివ్వరు.

ఢిల్లేశ్వరరావు అడుగులన్నీ కాగితం మీద గీసుకుని మరీ వచ్చాడు.

"మా కాళ్ళు కూడా గీసేవా బావూ?" అని పక్క తాడు పట్టిన నరసమ్మ నవ్వింది.

ఆట జోరందుకుంది. మద్దెల వేగం పెరిగిన చోట, కింద దూరవలసిన ఢిల్లేశ్వరరావు మీదుగా దాటేశాడు. నున్నగా దిగుతున్న జడలో అతని ఎర్ర తాడు పైకి తేలింది. అతను అడుగు ఆపబోయాడు. పొరుగూరి జట్టులోంచి ఎవరో, "కత్తి తెండర్రా," అన్నారు.

"ఆగకు," అంది టీచరు, చేతిలో తాళం ఆపకుండానే. "నరసా, నువ్వూ అలాగే దాటు. అందరూ వరసగా వాడు తప్పినట్టే తప్పండి."

"కావాలని తప్పడమేటి టీచరమ్మా?" అంటూనే నరసమ్మ దాటింది. ఆమె వెనక తక్కినవాళ్ళు దాటారు. ఎర్ర తాడు పక్కన పచ్చది తేలింది, దాని పక్కన పసుపుది. ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ అల్లని పువ్వు ఒకటి జడలో విచ్చుకుంది. జనం ఈలలు వేశారు. టీచరు జట్టును మెల్లగా పాత అడుగులోకి తెచ్చింది.

ఇక విప్పడం. వెనక్కి ఆడుతూ పువ్వు దాకా వచ్చారు. ఆఖరున దాటినవాళ్ళు ముందు వెనక్కి దాటారు, వాళ్ళ తర్వాత నరసమ్మ. అందరికంటే చివర ఢిల్లేశ్వరరావు, తను ఎక్కడ తప్పాడో సరిగ్గా అక్కడే వెనక్కి తప్పాడు. పువ్వు ముడుచుకుంది, మెలికలన్నీ ఊడాయి, తాళ్ళు వేటికవి గాలికి ఊగాయి. పొరుగూరి వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

"వచ్చే ఏడు కూడా నువ్వే తప్పాలి బావూ," అంది నరసమ్మ, చెంగుతో చెమట తుడుచుకుంటూ.

అతను నవ్వాపుకోలేక, ఊపిరాడక, టీచరు దగ్గరికి పరిగెత్తాడు. "ఆ పువ్వు వస్తుందని మీకు ముందే తెలుసా?"

"తెలీదు నాయనా," అందావిడ. "విప్పాలని మాత్రం తెలుసు."