ఎనభై నాలుగు బిరుదులూ ఒక బాకీ

ఏలే దొర పేరు కన్నా ఆయన బిరుదులే బారెడు పొడుగున్న ఒకానొక రాజ్యంలో తిప్పమ్మ అనే గానుగామె ఉండేది. నిరుడు వేటకెళ్ళిన ఆ రాజు, కాచభూపాలుడు, వాగు పొంగి వాళ్ళ ఊళ్ళో చిక్కుకుపోయాడు. పరివారం తిండి ఖర్చుకని, తిప్పమ్మ ఎద్దు కోసం దాచుకున్న ఇరవై వరహాలు చేబదులు తీసుకున్నాడు. "రేపే పంపుతాం" అన్నాడు. ఆ రేపు ఏడాదైనా రాలేదు. ఈలోగా ముసలి ఎద్దు చచ్చింది. ఇప్పుడు గానుగ కాడి ఆమె మొగుడి మెడ మీద ఉంది.

ఎవరైనా చూస్తే పరువు పోతుందని తలుపులేసుకుని గానుగ ఆడుతున్నారు. తిప్పమ్మ మూడుసార్లు కోట దాకా వచ్చి, అడగడానికి నోరు రాక వెనక్కి పోయింది. ఇచ్చినవాళ్ళకే సిగ్గు గానీ తీసుకున్నవాళ్ళకేం! నాలుగోసారి గుమ్మం దగ్గర కళ్ళొత్తుకుంటుంటే, రాజు బిరుదులు చదివే వల్లభభట్టు చూసి సంగతంతా రాబట్టాడు.

"నువ్వు ఆ స్తంభం పక్కన నిలబడమ్మా. నోరు నేను విప్పుతా" అన్నాడు.

ఆ కొలువులో ఒక కట్టడి ఉంది. రాజు సింహాసనం ఎక్కేటప్పుడు ఎనభై నాలుగు బిరుదులూ చదవాలి. ఉన్నది ఒక్కటి వదిలినా భట్టుకు పది వరహాలు దండుగ.

ఆ రోజు పొరుగు రాజ్యపు రాయబారులు కూడా వచ్చి కూర్చున్నారు. భట్టు గొంతు సవరించుకుని, "శత్రుగజ కంఠీరవా! అభినవ దానకర్ణా!" అంటూ ఎనభై నాలుగూ చదివేసి, ఊపిరి పీల్చుకుని, "తిప్పమ్మ ఇరవై వరహాల రుణభార ధురంధరా!" అన్నాడు.

సభ బిక్కచచ్చిపోయింది. తిప్పమ్మ కొంగు ముఖాన కప్పుకుంది. భూమి చీలితే బాగుండు అనిపించింది.

"ఎవడిచ్చాడురా ఆ బిరుదు?" రాజు గర్జించాడు.

"మిగతావన్నీ మేమిచ్చినవి ప్రభూ! ఇదొక్కటే తమరి స్వార్జితం. వదిలితే దండుగ పది వరహాలు నేనెక్కడ తెచ్చేది?"

"తీసెయ్ దాన్ని!"

"అది నా చేతిలో లేదు. ఆ స్తంభం పక్కనున్న తల్లి చేతిలో ఉంది."

రాజు ఆమెను గుర్తుపట్టాడు. తిప్పమ్మ దణ్ణం పెట్టింది.

"డబ్బు తమకి వీలైనప్పుడే ఇవ్వండి బాబయ్యా. మా ఆయన ఎద్దు బదులు కాడి మోస్తున్నాడని మాత్రం ఈ సభలో ఎవర్నీ అననియ్యకండి. సిగ్గుతో చచ్చిపోతాడు."

అనేశాక నాలుక కరుచుకుంది. దాచుకున్నదంతా తన నోటితోనే బయటపెట్టేసింది.

రాజు తల వాలిపోయింది. సింహాసనం దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"సిగ్గుపడాల్సింది అతను కాదమ్మా, నేను" అన్నాడు. అక్కడికక్కడే ఇరవై వరహాలూ, కోట పశువుల సాల నుంచి ఒక జత ఎద్దులూ ఇప్పించాడు.

"మరి రేపు ఆ బిరుదు వదిలేస్తాను ప్రభూ. నాకు దండుగ ఎంత?" భట్టు చేతులు కట్టుకుని అడిగాడు.

రాజు పగలబడి నవ్వాడు. "పది వరహాలు ఎదురు నేనే నీకిస్తాను. మళ్ళీ చదివావంటే చూడు!"

ఆ సాయంత్రం తిప్పమ్మ ఇంట తలుపులు బార్లా తెరిచి గానుగ ఆడారు.