తాళాల షాపు ఫోను

శేషుకి పర్వీన్ అంటే పడదు. ఆమె అతన్ని ఎప్పుడూ ఒక్క మాటా అనలేదు. అయినా పడదు.

ఇద్దరూ ఒంగోల్లో సుగుణావతి మేడమ్ దగ్గర పని నేర్చుకుంటున్నారు. మేడమ్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఇప్పుడు ఊళ్ళోని చిన్న చిన్న షాపులకి ఇంటర్నెట్లో ప్రకటనలు పెడుతుంది. ఎవరైనా ఫోన్లో ఏదైనా వెతికితే, ఆ మాటకి తగిన షాపు పేరు పైన కనబడాలి. అదీ పని.

శిష్యులిద్దరికీ చెరో తాళాల షాపు అప్పజెప్పింది. కర్నూలు రోడ్డులో యేసురత్నం షాపు శేషుది. లాయరుపేట షాపు పర్వీన్‌ది.

శేషు పెట్టిన ప్రకటన ఊరంతా చూసింది. నొక్కినవాళ్ళూ ఎక్కువే. పర్వీన్ ప్రకటన చూసినవాళ్ళు అందులో సగం కూడా లేరు. కానీ లాయరుపేట షాపాయన మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చి మరీ పర్వీన్‌ని మెచ్చుకుని వెళ్ళాడు. అదే వారం యేసురత్నం ఫోన్ చేసి, ఇక మన ప్రకటన ఆపేద్దామన్నాడు.

ఆ మిఠాయి శేషు నోట పెట్టలేదు. పర్వీన్ నవ్వితే తన గురించే అనిపించేది. మేడమ్ ఆమె కుర్చీ దగ్గర కాసేపు ఎక్కువ నిలబడితే పని మానేసి చూస్తూ కూర్చునేవాడు. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

“ఆమెకి చెప్పిందేదో మీరు నాకు చెప్పలేదు మేడమ్.”

మేడమ్ అతని వంక చూసింది. పొద్దున్నే యేసురత్నం షాపుకి వెళ్ళి కూర్చోమంది. వచ్చిన ఫోన్లన్నీ అతన్నే ఎత్తమంది.

షాపు తెరవగానే ఫోను మోగడం మొదలైంది. శేషుకి మొదట గర్వంగానే ఉంది. లాయరుపేటలో ఇంత మోత ఉండదనుకున్నాడు.

చీమకుర్తి నుంచి ఒకాయన భజనకి తాళాలు కావాలన్నాడు, కంచువైతే మేలన్నాడు. ఒక కుర్రాడు ఫోన్ లాక్ మర్చిపోయాడట, ఉచితంగా ఎలా తీయాలో చెప్పమన్నాడు. ఇంకొకతను షాపులో ఉద్యోగం ఉందా అని అడిగాడు. తలుపు తాళం పాడైందని మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. యేసురత్నం చేతిలో ఆకురాయి పెట్టుకుని, పని లేక, ఊరికే వింటున్నాడు.

మధ్యాహ్నం భజనాయన మళ్ళీ చేశాడు. మా దగ్గర లేవన్నా వదల్లేదు. మరెక్కడ దొరుకుతాయో కనుక్కుని చెప్పమని పట్టుకున్నాడు. ఆయన మాట్లాడుతుండగానే ఇంకో ఫోను వస్తున్న చప్పుడు వినబడింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది.

ఆయన్ని వదిలించుకోగానే ఉద్యోగం అడిగినతను మళ్ళీ తగిలాడు. అదీ అయ్యాక శేషు ఇందాక మోగి ఆగిన నంబరుకి తిరిగి చేశాడు. ఒకామె ఎత్తింది. బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్తే గాలికి తలుపు మూసుకుని లాక్ పడిపోయిందట. లోపల నడక రాని పాప. పొయ్యి మీద పాలు.

“మీ ఫోను ఎంతకీ కలవలేదండీ. లాయరుపేట షాపాయన వచ్చి తీశాడు. పాలు మాడి ఇల్లంతా పొగ. పాప బాగానే ఉంది.”

లాయరుపేట అన్న మాట వినగానే శేషుకి పర్వీన్ గుర్తొచ్చింది. పాప బాగుందన్న మాట ఆ తర్వాత గానీ చెవికెక్కలేదు. అది తనకే తెలిసింది. ఫోను పెట్టేసి, యేసురత్నం మొహం చూడలేక వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం మేడమ్‌కి అంతా చెప్పాడు. పాపకంటే ముందు పర్వీన్ గుర్తొచ్చిన సంగతి కూడా దాచలేదు.

మేడమ్ తన కంప్యూటరు అతని వైపు తిప్పింది. ఏ మాటలు వెతికినవాళ్ళకి ప్రకటన కనబడకూడదో రాసే చోటు అది. శేషుకి కొత్తేమీ కాదు. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర చెప్పింది మేడమ్. పర్వీన్ తన షాపుకి ఆ మాటలు రాసింది. చూసేవాళ్ళు తగ్గితే పర్వీన్ తనని దాటిపోతుందని శేషు ఆ చోటు ఖాళీగా వదిలేశాడు.

భజన అని కొట్టాడు. ఉచితం అని కొట్టాడు. ఉద్యోగం దగ్గర వేళ్ళు ఆగాయి.

“ఇవన్నీ పెడితే నా ప్రకటన చూసేవాళ్ళు ఎవరూ మిగలరేమో మేడమ్.”

“తలుపు బయట నిలబడ్డవాళ్ళు మిగులుతారు నాయనా.”