చివరి విడత షెడ్డు

సింహాచలం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆ చెప్పులెటు పోతే అటు వెనకాల నడవాల్సిందే. ఈ సంగతి ఆయన దగ్గర చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. దాలినాయుడు మండల విద్యాధికారి అయ్యాక కూడా, సందేహం వస్తే ఆయన గుమ్మంలోనే వచ్చి నిలబడేవాడు.

ఈసారి సందేహం చిన్నది కాదు. తాత్కాలికం అంటూ బడుల్లో వేసిన రేకుల షెడ్లు, వాటిలో చదివిన పిల్లలకు పిల్లలు పుట్టినా అలాగే ఉన్నాయి. విడతల వారీగా వాటిని తీసేయమని ఇప్పుడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ముందు ఏది తీయాలి మాస్టారూ అని అడిగాడు దాలినాయుడు. సముద్రపు ఒడ్డున ఉన్న బడి షెడ్డును మాత్రం చివరి విడతలోకి నెట్టేశాడట. అక్కడ కొత్త గదులు కట్టడం ఎప్పుడో అయిపోయింది. అయితే ఎమ్మెల్యే గారికి రిబ్బను కత్తిరించే తీరిక దొరక్క వాటికి తాళాలు వేసి ఉంచారు. ఆయన రాకముందే తాళం తీసిన అధికారి ఏ మూలకు బదిలీ అవుతాడో చెప్పక్కర్లేదు. ఆ భయంతో దాలినాయుడికి కంటిమీద కునుకు లేదు.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. నేరుగా ఆ బడికే తీసుకెళ్లి, షెడ్డులో పిల్లల మధ్య చోటు చూపించి, "నీ ప్రణాళిక ఇక్కడ కూర్చుని రాయి" అన్నారు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. రేకులు దడదడలాడటం మొదలుపెట్టాయి. ఎక్కాలు చదువుతున్న పిల్లలు ఎవరూ చెప్పకుండానే పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని, గోడవైపు జరిగి, అదే గొంతుతో ఎక్కాలు సాగించారు. రవణమ్మ టీచరూ పాఠం ఆపలేదు. తుఫాను రోజుల్లో ఆవిడ నేర్పిన పద్ధతే అది. ఇంతలో మేకులు ఊడి ఒక రేకు పైకి లేచి, పిడుగు పడ్డట్టు మళ్లీ కింద పడింది. దాలినాయుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. తేరుకునేసరికి తను బయట, వాకిట్లో ఉన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే లోపల ఒక్క బిడ్డా లేవలేదు. సంచుల కింద నుంచి బిక్కచచ్చిన కళ్లు అతన్నే చూస్తున్నాయి.

అతనికి సిగ్గు వేసింది గానీ, రేకు ఏ బిడ్డ మీద పడుతుందోనన్న భయమే ఎక్కువైంది. టీచరు దగ్గర తాళంచెవులు తీసుకుని కొత్త గదులు తెరిచాడు. పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినే లోపలికి చేర్చాడు. ఆ తర్వాత మాస్టారి పక్కన చతికిలబడ్డాడు.

"నా ఉద్యోగం గంగలో కలిసింది మాస్టారూ. ఇంతకీ నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు."

మాస్టారు అతని భుజం మీద దుమ్ము దులిపి, "రేపు ఏ షెడ్డులో కూర్చుంటావు నాయనా?" అన్నారు.