తడి నేల ముడి

గాలయ్య ఆ మధ్యాహ్నం, ఒక గుర్రం గెలవాలని దువా చేయించుకోవడానికి గురువు దగ్గరకు వచ్చాడు.

గురువు పేరు ఖమర్ షా. పందేల మైదానం ప్రహరీని ఆనుకుని ఉన్న చిన్న తకియాలో ఆ ఫకీరు నివాసం. గాలయ్య ఆయనకు ఏళ్ల తరబడి శిష్యుడు. వృత్తి, పందెపు గుర్రాలకు జీనులు కుట్టడం. జీను కుట్టిన ప్రతి గుర్రం నడక తీరేమిటో, ఊపిరి బలమెంతో అతనికి తెలుసు. ఆ తెలివి మొదట అతనికి అన్నం పెట్టింది. తరువాత ఆశ పెట్టింది.

పందెం కాసేవారిలో కొందరు కలలను నమ్ముతారు, కొందరు జాకీలను నమ్ముతారు. గాలయ్య తన పద్ధతిని నమ్మాడు. గుర్రాలన్నీ సరిసమానంగా పరుగెత్తాలని, పందెం అధికారులు బలమైనదాని మీద ఎక్కువ బరువు, బలహీనమైనదాని మీద తక్కువ బరువు పెడతారు. ఆ తూకంలో వారు ఎక్కడ పొరబడ్డారో కనిపెట్టడమే గాలయ్య విద్య. కనిపెట్టిన ప్రతి సూత్రానికీ, జీను కుట్టే మైనపు దారంలో ఒక ముడి వేసుకునేవాడు. ఓడిపోయిన ప్రతిసారీ, "పద్ధతి తప్పలేదు, ఒక సంగతి కలపడం మరిచాను" అనుకుని మరో ముడి వేసేవాడు. అలా ఆ దారం మొలతాడుకన్న పొడవైంది.

ఈ రోజు అతడు ఒడ్డబోతున్నది తోలు కుట్టే మిషన్‌ను. దాన్ని కొనేవాడు మైదానం గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఇంటికున్న ఆ ఒక్క ఆధారాన్నీ రిక్షాలోకి ఎక్కిస్తుంటే, భార్య సత్తెమ్మ గడపలో నిలబడి చూసింది.

"అది పోతే నేను పుట్టింటికి పోతాననుకుంటున్నవేమో. పోను. కూలికి పోత. ఆ కూలి కూడా తీస్కపోయి గుర్రం మీద పెట్టు" అన్నది.

ఆ మాట దారి పొడవునా గాలయ్య చెవిలో గింగురుమంటూనే ఉంది. అందుకే, గేటు దాకా వెళ్లేముందు గురువు గడప తొక్కాడు.

ఖమర్ షా చిరిగిన దుప్పటికి అతుకు వేసుకుంటున్నాడు.

"బాబా, నా గుర్రానికి దువా చెయ్యండి. నా పద్ధతికి తిరుగు లేదు. మీ మాట తోడైతే చాలు."

"తిరుగు లేనిదానికి నా తోడెందుకు బేటా?"

గురువు సూది పక్కన పెట్టాడు.

"సరే, ఆ విద్యేదో నాకూ కాస్త నేర్పు. నిన్నటి ఆఖరి పందెంలో తూఫాన్ ఎందుకు గెలిచింది?"

గాలయ్య నిన్న మైదానానికి వెళ్లలేదు. మిషన్ కొనేవాడిని వెతుక్కుంటూ వానలో ఊరంతా తిరిగాడు. అయినా ఆ ప్రశ్న వినగానే అతని ముఖం వికసించింది. నడుము నుంచి దారం విప్పి, ఒక ముడి మీద బొటనవేలు ఆనించాడు.

"గెలవక ఏం చేస్తుంది బాబా! ఇదిగో, ఇది తడి నేల ముడి. బురదలో బరువు మోసే గుర్రం దిగబడిపోతుంది, తేలికైనది ఎగిరిపోతుంది. తూఫాన్ మీద పెట్టిన బరువెంత? ఏమీ లేదు!"

మిషన్‌ను రిక్షాలో తెచ్చి గుమ్మం దగ్గర కూర్చున్న యాకూబ్ ఫక్కున నవ్వాడు.

"తూఫానా? దానికి ఆ పేరు పెట్టినోనికి సిగ్గుండాలె. గెలిచింది షబ్నం అన్నా!"

గాలయ్య తెల్లబోయి గురువు వైపు తిరిగాడు. "మీరు తూఫాన్ అన్నారు కదా బాబా?"

"నేను విన్న గుర్రం పేరు అదొక్కటే" అన్నాడు ఖమర్ షా.

గాలయ్య వెంటనే తేరుకున్నాడు.

"షబ్నమా! గెలిచి తీరాలి మరి. నేల తడిసింది కదా! జారే నేలలో నిలదొక్కుకోవాలంటే ఒంటి మీద బరువుండాలి. షబ్నం మీద ఉన్నంత బరువు ఇంక దేని మీద ఉంది?"

"ఇప్పుడే కదన్నా, బురదల తేలిక గుర్రమే ఎగిరిపోతదంటివి?" అన్నాడు యాకూబ్.

"అది వేరే తడి" అన్నాడు గాలయ్య. అతని బొటనవేలు అదే ముడి మీద ఉంది.

యాకూబ్ తల గోక్కున్నాడు. "ఆగన్నా, ఆగు. నేనే పొరపాటు పడ్డ. షబ్నం గెలిచింది మొన్న. నిన్న వానకు మైదానం చెరువైతే ఆఖరి పందెం ఆపేసిండ్రు. ఒక్క గుర్రం కూడ లాయం దాటి బయటికి రాలె."

తూఫాన్ బురద మీదుగా ఎగిరిపోవడాన్ని గాలయ్య కళ్లారా చూసినట్టే చెప్పాడు. షబ్నం దాన్ని దాటిపోవడాన్ని కూడా చూసినట్టే చెప్పాడు. మాయకోటలో కడుపారా విందు తిని పడుకున్న బాటసారి, తెల్లవారి లేచి చూస్తే ముళ్లపొదల మధ్య ఉన్నట్టుంది అతని పరిస్థితి. తిన్న రుచి ఇంకా నాలుక మీదే ఉంది. కోట మాత్రం లేదు.

అంతలో అతని చూపు తన చేతుల మీద పడింది. అతడు చెప్పకుండానే వేళ్లు దారం కొసను మెలితిప్పి కొత్త ముడి వేస్తున్నాయి. జరగని పందేలకు కూడా ఒక సూత్రం! గాలయ్య ఆ వేళ్లను పరాయివాడి వేళ్లలా చూస్తూ ఉండిపోయాడు.

ప్రహరీ అవతల పందెపు గంట మోగింది.

ఖమర్ షా దుప్పటి మడిచి, మోకాళ్ల మీద కుదురుగా కూర్చుని, రెండు అరచేతులూ పైకెత్తాడు.

"వేళయింది బేటా. చెప్పు, ఏ గుర్రం గెలవాలని అడగను?"

గాలయ్య నోరు తెరిచాడు. ఇంటి నుంచి మోసుకొచ్చిన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనుకే మరో గుర్రం పేరు వచ్చింది, దాని వెనుక ఇంకొకటి. ఒక్కొక్కటీ తన గెలుపుకు కారణాన్ని వెంటబెట్టుకుని మరీ వచ్చింది.

"నాకు తెలియదు, బాబా."

"ఆమీన్" అన్నాడు ఖమర్ షా, అరచేతులతో ముఖం తుడుచుకుంటూ.

ఎటు పోవాలని యాకూబ్ అడగలేదు. లేచి వెళ్లి, రిక్షాను ఇంటి వైపు తిప్పి నిలబెట్టాడు.