చాలన్న డప్పు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి ఓర్పెక్కువ, నడిమివాడికి నిద్రెక్కువ, చిన్నవాడు చండవర్మకు ముక్కు మీదే కోపం.

ఏడు సముద్రాల అవతల మణిమంజరి అనే రాజకుమార్తె మంచం పట్టింది. చలిమాయుడనే మాంత్రికుడు దోమనెక్కి వచ్చి, అది కుట్టిన చోటునుంచి ఆమె ఒంట్లో దూరాడు. ఎందుకు దూరడు? కోట కందకంలో మురుగు నిలవుంది, తోడించండి మహాప్రభో అని ఊరంతా మొత్తుకున్నా ఆమె తండ్రి చెవిన పెట్టలేదు. తీరా కూతురు వణుకుతుంటే, కాపాడినవాడికి పిల్లనిస్తానని చాటించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, పిల్లలూ!

పెద్దవాడు వెళ్ళి తాయెత్తు కట్టాడు. తగ్గలేదు. నడిమివాడు వెళ్ళి కంబళ్ళు కప్పాడు. తగ్గలేదు. చండవర్మ పళ్ళు కొరుకుతూ బయలుదేరాడు. దారిలో వాగులో కొట్టుకుపోతున్న చీమను ఆకుతో గట్టెక్కించాడు.

"రాకుమారా, నిన్ను నాకంటే చిన్నవాణ్ణి చేస్తాను, మణిమంజరి ఒంట్లోకి వెళ్ళు. కానీ ఆ కోపం ఇక్కడే వదిలి పో" అంది చీమ.

వదిలితేగా!

కోట చేరి, చీమ మహిమతో నలుసంతై, చండవర్మ ఆమె నెత్తుటేట్లో దిగాడు. ఏటినిండా ఎర్ర కుండలు. చలిమాయుడి ప్రాణం ఏ చిలకలోనూ లేదు. ఆ కుండల్లో దూరి వాడు ఒకడు పది, పది వంద అవుతున్నాడు. గట్టున ముగ్గురన్నదమ్ములు డప్పులతో నిలబడ్డారు. పిలుపన్న కొడితే తెల్ల బంట్లు పరుగున వస్తారు. మంటన్న కొడితే ఒళ్ళు కాగుతుంది, బంట్లకు పూనకం వస్తుంది. చాలన్న కొడితే అంతా చల్లబడుతుంది. ముగ్గురికీ పుల్ల ఒక్కటే. తన వంతు కాగానే తమ్ముడి చేతికివ్వాలి. అది వాళ్ళ కట్టుబాటు.

కుండలు టపటపా పగిలాయి. చలిమాయుళ్ళు బిలబిలా బయటికొచ్చారు. పైన మణిమంజరి గజగజ వణికింది. పిలుపన్న కొట్టాడు, బంట్లు వచ్చారు. మంటన్న కొట్టాడు, ఏరు సలసలా కాగింది. సొమ్మసిల్లిన మాయుళ్ళను బంట్లు గుటుక్కున మింగేశారు. చివరివాడూ పోయాడు.

మంటన్న పుల్ల చాలన్నకు చాపాడు. చండవర్మ మధ్యలో లాక్కున్నాడు.

"ఇంత చేసినవాణ్ణి ఇంతటితో వదులుతామా? బూడిదైపోవాలి!"

"వాడు చచ్చాడు బాబూ. ఇక కాలేది ఆ తల్లే" అన్నాడు చాలన్న.

చండవర్మ అతన్ని నెట్టేసి మంటన్న డప్పు కొట్టాడు, కొట్టాడు, కొట్టాడు. శత్రువు దొరకని బంట్లు ఏటి గట్లనే తవ్వడం మొదలుపెట్టారు.

అప్పుడు పైనుంచి మణిమంజరి గొంతు మండిపడుతూ వినిపించింది.

"ఎవడ్రా నా చెవుల్లో ఈ మోత? వాణ్ణి చంపడానికొచ్చావా, నన్నా?"

చండవర్మకు సిగ్గుతో తల వాలిపోయింది. పుల్ల చాలన్న చేతిలో పెట్టాడు. చాలన్న మెల్లగా కొట్టాడు. డుం... డుం... బంట్లు కత్తులు దించారు. ఏరు చల్లబడింది. ఆమె నుదుట చెమట పట్టింది. ఆ చెమట చుక్కతోనే చండవర్మ బయటపడి మామూలు మనిషయ్యాడు.

"ఆ కందకం పూడిస్తేనే పెళ్ళిపీట ఎక్కుతాను" అని మణిమంజరి తండ్రి మీద విరుచుకుపడింది. రాజు తానే పార పట్టాడు.

పెళ్ళయింది. ఇద్దరూ చాలాకాలం రాజ్యమేలారు. సభలో ఎవరి మీదైనా చండవర్మ కళ్ళెర్రబడితే, మణిమంజరి సింహాసనం చేతి మీద వేలితో మెల్లగా కొట్టేది. డుం... డుం... ఆయన చల్లబడి కూర్చునేవాడు.

నా కథ ఇంతే. ఊఁ కొట్టింది చాలు, లేచి వెళ్ళి పెరట్లో ఆ తొట్టి నీళ్ళు ఒలకబోసి రండి!